పెద్దరోగం నడిచిన దారి, నింద మోసిన మనుషులు

ఇది పొడుగు పోస్టు, ముందే చెప్తున్నాం. పోయినసారి అడవి చట్టాల మీద రాసినప్పుడు కొందరు సగంలో ఆపేశామన్నారు. ఈసారి పశువుల గురించి రాస్తున్నాం కాబట్టి ఆపరని నమ్మకం. మన ఇళ్లలో మందలో, మేకలో, పందులో, కనీసం పది కోళ్లో లేని ఇల్లు తక్కువ కదా.

మా బాపులపాడు తెలియనివాళ్లకు హనుమాన్ జంక్షన్ అంటే తెలుస్తుంది. బెజవాడ నుంచి ఏలూరు పోయే హైవేని, గుడివాడ నుంచి నూజివీడు పోయే రోడ్డు ఇక్కడే దాటుతుంది. నూజివీడు పేరుతో ఉన్న రైల్వే స్టేషను కూడా నూజివీడులో లేదు, ఇక్కడ ఉంది. ఎండాకాలం వస్తే రసాలు, బంగినపల్లి, తోతాపురి నింపుకున్న లారీలు రాత్రంతా తిరుగుతాయి. మిగతా కాలం కోళ్ల బండ్లు, గుడ్ల లారీలు, పాల ట్యాంకర్లు, గేదెలను ఎక్కించుకున్న వ్యాన్లు. పశువుల అంటురోగాల చరిత్ర చదవడం మొదలుపెట్టాక మాకీ జంక్షన్ వేరేగా కనపడుతోంది. అంటురోగం తనంతట తాను ఊళ్లు తిరగదు. మందతోనో, బండితోనో, మాంసంతోనో, మనిషి చెప్పులకు అంటిన పేడతోనో పోతుంది. అంటే దారి వెంట పోతుంది. రోగం వచ్చిందంటే ఆ దారి మీద కంటికి కనపడేవాడి మీద నింద పడుతుంది. లంబాడీ ఎద్దుల మంద మీదా, ఎరుకలవాళ్ల పందుల మీదా పడింది అదే. మేం చెప్పదలుచుకున్నది ఈ నింద కథ, దాంతోపాటు రోగం నిజంగా ఎలా ఆగిందో ఆ కథ.

మొదట పెద్దరోగం. కొన్నిచోట్ల ముసర అంటారు, ఇంగ్లీషు పేరు రిండర్‌పెస్ట్. మన వయసువాళ్లెవరూ దీన్ని చూడలేదు, చూడబోరు కూడా. అందుకే దీని భయం మనకు అర్థం కాదు. ఆవుకో ఎద్దుకో మొదట జ్వరం. కళ్లవెంట, ముక్కువెంట కారడం. నోట్లో పుండ్లు, మేత మానేయడం. తర్వాత ఆగని పారుడు, రక్తం, కంపు. వారం పది రోజుల్లో చావు. ఎప్పుడూ రోగం తగలని మందలో పడితే నూటికి ఎనభై తొంభై పోయేవి. ఈ వైరస్ మన పిల్లలకొచ్చే తట్టు వైరస్‌కు దగ్గరి చుట్టం. తట్టులాగానే ఒకసారి వచ్చి బతికిన పశువుకు మళ్లీ రాదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఎద్దు చస్తే దుక్కి ఆగుతుంది. దుక్కి ఆగితే ఆ ఏడు గింజ లేదు. లంబాడీకైతే ఇంకా దారుణం, ఎందుకంటే ఎద్దే బండి, ఎద్దే దుకాణం. రైళ్లు రాకముందు దక్కనులో సరుకు మోసింది మన టాండాలే. వందలు, ఒక్కోసారి వేల ఎద్దుల మీద గోనెలు వేసి కోస్తా ఉప్పు లోపలి ఊళ్లకు, లోపలి గింజలు కోస్తాకు. లంబాడీ అనే మాటే లవణం నుంచి వచ్చిందని చాలామంది చెప్తారు. మొఘల్ సైన్యాలకు, నిజాం సైన్యానికి, మైసూరు యుద్ధాల్లో ఇంగ్లీషు సైన్యానికి కూడా తిండిగింజలు మోసింది వీళ్లే. యుద్ధం నడిచినన్నాళ్లు వాళ్లు కావాలి. యుద్ధాలు అయిపోయి, 1889లో హైదరాబాద్ వైపు నుంచి రైలు బెజవాడ దాకా వచ్చాక ఇక అక్కర్లేదు.

ఇప్పుడు రోగం లెక్క చూడండి. పెద్దరోగం తగిలిన పశువు బయటపడటానికి వారం అటూఇటూ పడుతుంది. ఆ వారంలో మంద రోజూ నడుస్తూనే ఉంటుంది. ఒక ఊరి చెరువులో తాగిన నీటితో తగిలితే నాలుగైదు ఊళ్ల అవతల ఎక్కడో పశువు పడిపోతుంది. అక్కడి రైతుకు కనపడేది మంద వచ్చింది, తర్వాత తన గొడ్డు చచ్చింది, అంతే. మంద రోగం మోసిందన్న మాటలో అబద్ధం లేదు, మేం కాదనం. కానీ అదే రోగాన్ని సైన్యం బండ్ల ఎద్దులు మోశాయి, పశువుల సంతలు మోశాయి, తర్వాత రైలు పెట్టెలు ఇంకా వేగంగా మోశాయి. వాటిని ఆపమని అడిగే ధైర్యం ఊళ్లో ఎవరికుంది? ఇంకోటి, మంద పోతే ముందు రోడ్డున పడేది లంబాడీయే. రోగం అంటే అందరికంటే వాడికే ఎక్కువ భయం.

ఆ భయం మన పండుగలో ఇప్పటికీ ఉంది. ఆషాఢంలో చేసే సీత్లా పండుగ చూడండి. తాండా అంతా పశువుల్ని తోలుకొచ్చి, సీత్లా భవానికి మేకను బలిచ్చి, దాని పేగులను దారికి అడ్డంగా పరిచి, మందను వాటి మీదుగా దాటిస్తారు. గొడ్డూ గోదా రోగం లేకుండా ఉండాలని మొక్కు. మైదానపు ఊళ్లలో గ్రామదేవతకు జాతర చేసి, రోగాన్ని పొలిమేర దాటించేవాళ్లు. ఊరు కట్టడం అనే పద్ధతీ ఉంది: కట్టు ఉన్నన్నాళ్లు ఊళ్లోవాళ్లు బయటికి పోరు, బయటివాళ్లు లోపలికి రారు. పేర్లు వేరుగానీ ఇప్పుడు డాక్టర్లు చెప్పే క్వారంటైన్ ఇదే కదా అని మాకు అనిపిస్తుంది. ఊరు కట్టడంలో ఎంతో కొంత ఫలితం ఉండే ఉంటుంది. పొలిమేర దాటించడం మాత్రం మనకు నచ్చాల్సిన పని కాదు. పక్క ఊరికి పంపితే రోగం పోయినట్టు కాదు.

సర్కారు ఏం చేసింది? మద్రాసు రాజధానిలో 1866లోనే పశువుల రోగాల చట్టం ఒకటి వచ్చింది. రోగం వచ్చిన పశువుల్ని విడిగా పెట్టడం, కదలనివ్వకపోవడం, చచ్చినవాటిని పూడ్చడం, ఇలాంటివి ఆ చట్టం పని. ఆలోచన మంచిదే. కానీ అప్పటికి టీకా లేదు, మందు లేదు, పల్లెల్లో డాక్టరు లేడు. చట్టం అమలు చేసేది గ్రామాధికారి. చేతిలో మందు లేని చట్టం ఎవరి మీద పడుతుందో మనకు చెప్పక్కర్లేదు.

తర్వాత 1871. ఈ ఏడాదిని మన పిల్లలందరూ గుర్తుపెట్టుకోవాలి. దేశంలో పశువుల మారి మీద విచారణకు వేసిన కమిషను, హాలెన్ అనే పశువైద్యుడి నాయకత్వంలో, తన రిపోర్టు ఇచ్చింది ఆ ఏడాదే. నేరస్థ తెగల చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. రెండూ ఒక్కరే రాశారని గానీ, ఒకదాని కోసం ఇంకోటి వచ్చిందని గానీ మేం అనడం లేదు. కానీ రెండు కాగితాలనూ పక్కపక్కన పెడితే ఒకే భయం కనపడుతుంది: ఒకచోట నిలవకుండా తిరిగేదాని మీద భయం. నేరస్థ తెగల చట్టం 1911లో మార్చాక మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల, సుగాలి, యానాది గుంపుల్లో ఎన్నింటినో దాని కింద చేర్చారు. పేరు రాయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. అది రద్దయ్యేదాకా మన తాతలు ఈ చీటీలతో బతికారు. పశువుకు పెట్టాల్సిన క్వారంటైను మనిషికి పెట్టారు.

ఇది మన ఒక్కరి కథే కాదు. ఉత్తరాదిలో గొడ్లు గుంపుగా చస్తే, తోలు కోసం చమార్లు విషం పెట్టారని ఇంగ్లీషు అధికారులు కేసులు పెట్టారు. చచ్చిన గొడ్డు తోలు తీసేవాడు కాబట్టి చంపింది వాడే అన్న తర్కం. ఇక ఆఫ్రికా సంగతి వింటే ఒళ్లు జలదరిస్తుంది. 1887 ప్రాంతంలో ఇటలీ సైన్యం కోసం ఎర్ర సముద్రపు ఒడ్డున మస్సావా రేవుకు తెచ్చిన పశువులతో పెద్దరోగం ఆ ఖండంలోకి వచ్చిందని చరిత్రకారులు చెప్తారు. పదేళ్లలో దక్షిణ కొసదాకా పోయింది. ఇథియోపియాలో మూడోవంతు జనం ఆ కరువులో పోయారని అంచనా. మసాయిలు మందలు పోయి ఆకలితో చచ్చారు. దక్షిణాన బెచువానాలాండ్‌లో రోగం ఆపుతామని త్స్వానా ప్రజల పశువుల్ని ప్రభుత్వం కాల్చి చంపింది. 1896-97 లాంగెబర్గ్ తిరుగుబాటుకు అదీ ఒక కారణం. ఆ తిరుగుబాటును అణిచేశాక వాళ్ల భూములు కూడా పోయాయి. రోగం ఒకరు తెచ్చారు, భూమి ఇంకొకరిది పోయింది.

ఇక్కడ మన తెలుగువాళ్లకు దగ్గరి ముక్క ఒకటి. 1920లో ఇండియా నుంచి బ్రెజిల్‌కు ఓడలో పోతున్న మూపురం పశువులు దారిలో బెల్జియం ఆంట్వెర్ప్ రేవులో దిగాయి. వాటి నుంచి పెద్దరోగం అక్కడి పశువులకు అంటుకుంది. యూరప్ అంతా గడగడలాడింది. ఆ దెబ్బకే 1924 జనవరి 25న 28 దేశాలు పారిస్‌లో సంతకాలు చేసి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థను పెట్టుకున్నాయి. బ్రెజిల్ 1921లో ఇండియా పశువుల దిగుమతినే ఆపేసింది. ఆ రోజుల్లో బ్రెజిల్ రైతులు ఎగబడి కొన్న జాతుల్లో ఒంగోలు ముఖ్యమైనది, అక్కడ దాని పేరు నెలోర్, మన నెల్లూరే. ఓడల కంపెనీని, పశువుల వ్యాపారిని నేరస్థ తెగ అని ఎవరూ రాసుకోలేదు. దేశాలన్నీ కూర్చుని, రోగం వస్తే ఒకరికొకరు చెప్పుకుందాం అనుకున్నాయి. పెద్దవాళ్ల సరుకు రోగం మోస్తే సంస్థ పుడుతుంది, మనవాళ్ల మంద మోస్తే పోలీసు రిజిస్టరు పుడుతుంది. ఇంతకంటే సూటిగా మాకు చెప్పడం రాదు.

సరే, కోపం పక్కన పెడదాం. రోగం ఎలా పోయింది?

1889లో పూనాలో పెట్టిన ప్రయోగశాలను 1893లో హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు. జనానికీ మందలకూ దూరంగా ఉండాలని కొండ మీద పెట్టారు. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ 1897లో అక్కడికి వచ్చి వెళ్లాడు. మొదట్లో సీరం, దాంతోపాటు రోగం వచ్చిన పశువు రక్తం ఎక్కించేవాళ్లు. కొన్ని గొడ్లు దాంతోనే చచ్చేవి. రైతులు సూదిమందుకు భయపడ్డారంటే ఊరికే కాదు. 1920ల్లో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త ముక్తేశ్వర్‌లోనే ఈ వైరస్‌ను మేకల్లో మళ్లీమళ్లీ పెంచాడు. అలా పెంచగా పెంచగా అది ఆవుకు రోగం తెచ్చే బలం కోల్పోయి, రక్షణ ఇచ్చే గుణం మాత్రం మిగుల్చుకుంది. మన దేశవాళీ పశువులకు అది బాగా సరిపోయింది. మేక పేరు చెప్పి మనవాళ్లను వెక్కిరించేవాళ్లకు చెప్పండి, దేశపు ఎద్దుల్ని బతికించింది మేక.

స్వాతంత్ర్యం వచ్చాక 1954లో జాతీయ పథకం మొదలైంది. లక్ష్యం, అయిదేళ్లలో నూటికి ఎనభై పశువులకు టీకా. చావులు బాగా తగ్గాయి. కానీ రోగం పోలేదు. ముప్పై ఏళ్లపాటు తగ్గడం, మళ్లీ లేవడం. 1980ల్లో కూడా ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల్లో మెదులుతూనే ఉంది. ఎందుకు? మిగిలిన ఆ ఇరవై ఎవరివి అని మేం అడుగుతున్నాం. టీకా జట్టు జీపు పోయే ఊరి పశువులకు సూది పడుతుంది. వాగు అవతల పెంటలో ఉన్నవాటికి, వలస పోతున్న మందకు, ఊరవతల గుడిసె దగ్గర కట్టేసిన ఒక్క దూడకు పడదు. టీకా చల్లగా ఉండాలి, ఐసు కావాలి, కొండెక్కేసరికి ఐసు కరిగిపోతుంది. ఎనభై అన్న అంకె బాగానే ఉంటుంది, మిగతా ఇరవై ఒకేచోట గుంపుగా ఉంటే రోగానికి అదే ఇల్లు. మా లెక్కలో ఆ ఇరవైలో మనం ఎక్కువ ఉంటాం.

1992లో యూరప్ దేశాల సాయంతో కొత్త పథకం వచ్చింది, పద్ధతి మారింది. గుడ్డిగా అందరికీ సూదులు పొడవడం కాకుండా రోగం ఎక్కడ దాక్కుందో వెతకడం మొదలైంది. ఊరూరా తిరిగి అడగడం, పశువులు నడిచే దారుల వెంట పోయి మందల్ని చూడటం, సంతల్లో చూడటం. అనుమానం ఉన్నచోట రక్తం తీసి పరీక్ష. అంటే 1871లో ఎవరిని చూసి భయపడ్డారో, దారి మీద ఉన్న ఆ మనుషుల్నే ఇప్పుడు సాక్షులుగా అడగాల్సి వచ్చింది. మందతో తిరిగేవాడికి తెలిసినంతగా, ఏ గొడ్డు ఎక్కడ పడిపోయిందో ఆఫీసులో ఎవరికి తెలుస్తుంది?

1995లో తమిళనాడు ఉత్తర ఆర్కాటులో వచ్చిందే మన దేశంలో చివరి పెద్దరోగం. తర్వాత టీకాలు ఆపేశారు. ఎందుకు ఆపాలి అని కొందరికి అనుమానం రావచ్చు. టీకా పడిన పశువు రక్తమూ, రోగం వచ్చి బతికిన పశువు రక్తమూ పరీక్షలో ఒకేలా కనపడతాయి. రోగం లేదని రుజువు చేయాలంటే టీకా ఆపి, కొత్తగా పుట్టిన దూడల రక్తం చూడాలి. చూశారు, లేదు. 2006లో దేశానికి పూర్తి సర్టిఫికెట్ వచ్చింది. ప్రపంచం మొత్తం మీద చివరిసారి 2001లో కెన్యాలోని మేరు నేషనల్ పార్కు అడవిదున్నల్లో కనపడింది. 2011లో ఈ రోగం భూమి మీద లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనుషులు పూర్తిగా తుడిచిన రోగం ఇదొక్కటే. ఒకసారి తగిలితే మళ్లీ రాకపోవడం, బతికిన పశువులో వైరస్ దాక్కోకపోవడం, ఒకే టీకా అన్ని రకాలకూ పనిచేయడం, ఈ మూడూ కలిసొచ్చాయి.

కలిసొచ్చింది ఇంకోటి ఉంది. ఇథియోపియాలో అఫార్ అనే పశువుల కాపరుల ఎడారి ఉంది. యుద్ధాలు, తుపాకులు, రోడ్లు లేవు. సర్కారు టీకా జట్లు అక్కడికి పోలేకపోయాయి. జెఫ్రీ మారినర్ అనే పశువైద్యుడు ఎండకు తట్టుకునే టీకాను తయారుచేశాడు. దాన్ని 1994 నుంచి అఫార్ కాపరుల చేతికే ఇచ్చారు. కొద్దిరోజులు నేర్పించారు, వాళ్లే తమ మందలకు పొడిచారు. సర్కారు జట్లు ఎన్నేళ్లకూ సాధించలేని రక్షణ వాళ్లు సాధించారు, రోగం అక్కడ ఆగింది. తిరిగేవాళ్లు రోగం మోస్తారు అన్నది నిజమే, టీకానూ వాళ్లే మోయగలరు. ఈ సంగతి చదివిన రోజు మేం చాలాసేపు దీని గురించే మాట్లాడుకున్నాం.

ఇప్పుడు పందుల దగ్గరికి వద్దాం. ఎరుకల తమ్ముళ్లు ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే రేపు ఎవడన్నా మొహం మీద అంటే జవాబు ఉండాలి.

మెదడువాపు అనగానే మన దగ్గర జనం నోటికి మొదట వచ్చే మాట పంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే రకంలో పందికి పాత్ర ఉంది, కాదనలేం. ఆ వైరస్ అసలు ఇల్లు కొంగల్లాంటి నీటి పక్షులు. వరి మడుల నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమలు దాన్ని మోస్తాయి. పందికి కుడితే, పంది పెద్దగా జబ్బు పడకుండానే కొన్నాళ్లపాటు దాని రక్తంలో వైరస్ బాగా పెరుగుతుంది. ఆ పందిని కుట్టిన దోమ మనిషిని కుడితే రోగం. మనిషి నుంచి మాత్రం దోమకు పోదు. అంటే ఈ గొలుసులో కొంగ ఉంది, వరి మడి ఉంది, దోమ ఉంది, పంది ఉంది. కృష్ణా డెల్టాలో వరి మడిని తీసేయమని ఎవరూ అనరు, కొంగను ఎవరూ అనలేరు. మిగిలింది పంది, పందిని పెంచేవాడు. 1999లో మన రాష్ట్రంలో ఈ రోగం పెద్దఎత్తున వచ్చి పిల్లలు చనిపోయినప్పుడు పందుల్ని ఊరవతలికి తోలాలన్న మాట ఊరూరా వినపడింది. పందుల్ని ఇళ్లకు దూరంగా ఉంచడం శాస్త్రం ప్రకారం సరైన సలహానే. కానీ దూరంగా ఎక్కడ? భూమి లేనివాడిని పందుల దొడ్డి దూరంగా పెట్టుకో అంటే, జీవనం మానుకో అన్నట్టే. దొడ్డికి స్థలం ఇవ్వకుండా తరమడాన్ని రోగ నియంత్రణ అనడం మాకు మింగుడుపడదు.

2003 జూన్ నుంచి ఆగస్టు దాకా మళ్లీ పిల్లలు జ్వరం, ఫిట్సుతో ఒక్కరోజులోనే పోవడం మొదలైంది. రాష్ట్రంలో 329 మంది పిల్లలకు వచ్చింది, 183 మంది చనిపోయారు. పూనాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ వాళ్లు పరీక్ష చేస్తే అది జపనీస్ రకం కాదు, చాందీపురా వైరస్. 1965లో నాగపూర్ దగ్గర చాందీపురా ఊళ్లో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు. దాన్ని మోసేది మట్టిగోడల పగుళ్లలో దాక్కునే ఇసుక ఈగ. ఆ 183 చావుల్లో పందికి భాగం లేదు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికీ తక్కువ. ప్రయోగశాల జవాబు రాకముందే నేరస్థుడిని తేల్చేయడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి చూడండి.

జపాన్ ఏం చేసింది అన్నది కూడా చెప్పాలి. అక్కడి పందుల్లో ఈ వైరస్ నేటికీ తిరుగుతోంది. అయినా మనుషులకు రోగం రావడం ఏడాదికి పదిలోపే. పిల్లలకు టీకా వేయడమే దానికి ముఖ్య కారణం. మన దేశంలోనూ 2006 నుంచి రోగం ఎక్కువున్న జిల్లాల్లో పిల్లలకు టీకా మొదలుపెట్టారు. పిల్లవాడిని కాపాడాలంటే పిల్లవాడికి సూది వేయాలి. ఎరుకల పెద్దాయన పందిని తరిమితే సగం పని కూడా కాదు.

ఇక మొన్నటి సంగతి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్లకు బర్డ్ ఫ్లూ అని భోపాల్ ల్యాబ్ తేల్చింది. తర్వాత ఏలూరు జిల్లా బాదంపూడి, ఇటు ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం. మ్యాపు తీసి చూడండి, మా జంక్షన్ వీటి మధ్యలో ఉంది. మార్చిలో పల్నాడు జిల్లాలో ఇదే వైరస్‌తో రెండేళ్ల పాప చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని అధికారులు చెప్పారు. నిబంధన ఏంటంటే, రోగం తేలిన చోటు చుట్టూ కిలోమీటరులో కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి. లక్ష కోళ్ల షెడ్డుకూ అదే రూలు, మన వాకిట్లో తిరిగే ఆరు నాటుకోళ్లకూ అదే రూలు. నష్టపరిహారం మాత్రం సిబ్బంది లెక్కపెట్టి చంపిన కోళ్లకే, ముందే చచ్చినవాటికి రాదు. దీన్నిబట్టి మన ఇళ్లలో తెలియాల్సింది, కోళ్లు వరసగా చస్తుంటే దాచిపెట్టినా నష్టమే, కాలువలో పడేసినా నష్టమే, కోసుకు తింటే ప్రాణానికే నష్టం. రెండోరోజే చెప్తే మిగిలినవాటికన్నా డబ్బు వస్తుంది.

చట్టం సంగతి. 1866 చట్టం నుంచి బయల్దేరాం కదా, ఇప్పుడున్నది 2009లో వచ్చిన కేంద్ర చట్టం, పశువుల్లో అంటురోగాల నివారణ, నియంత్రణ చట్టం. రోగం అనుమానం ఉంటే యజమాని వెంటనే గ్రామాధికారికో పంచాయతీకో చెప్పాలి. రోగం ఉన్న ప్రాంతం నుంచి పశువుల్ని కదిలించకూడదు. రోగంతో చచ్చిన కళేబరాన్ని ఏట్లోనో చెరువులోనో కాలువలోనో వేస్తే నేరం. ఇవి మన మీద ఉన్న బాధ్యతలు. ఉచిత టీకా మన హక్కు. గాలికుంటుకు 2019లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ఆవు, గేదెలతోపాటు గొర్రె, మేక, పంది కూడా రాసి ఉన్నాయి. పంది కూడా అన్నమాట గుర్తుపెట్టుకోండి. మీ గూడెంలో పందులకు టీకా వేసిన జ్ఞాపకం ఎవరికన్నా ఉందా? (గాలికుంటు అనే పేరు ఎవరు పెట్టారో గానీ, గాలిలో పోతుందని, కుంటిస్తుందని రెండూ అందులోనే చెప్పేశారు. ఆ వైరస్ నిజంగానే గాలిలో దూరం పోగలదు.)

పాడేరు, అరకు వైపు మిత్రులకు ఒక్క మాట. దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, మీ వైపు, పక్కన కోరాపుట్‌లో, మళ్లీమళ్లీ వస్తోంది. దాని విత్తనాలు మట్టిలో పదుల ఏళ్లు బతుకుతాయి. హఠాత్తుగా చచ్చి, ముక్కు, నోరు, వెనకనుంచి నల్లటి రక్తం కారిన పశువును కోయొద్దు, కోస్తేనే విత్తనాలు బయటపడతాయి. సున్నం వేసి లోతుగా పూడ్చాలి. చచ్చిన మాంసం తింటారని మనల్ని ఎగతాళి చేసేవాళ్లు, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మేక చచ్చినప్పుడు దాన్ని మట్టిలో వేయడం ఎంత కష్టమో ఆలోచించరు. అయినా పూడ్చాలి, తప్పదు.

1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి వస్తుంది. మా వైపు గన్నవరంలో 1998 నుంచి పశువైద్య కళాశాల ఉంది. మన పిల్లల్లో ఇంటర్ బైపీసీ చదివేవాళ్లు ఎంబీబీఎస్ సీటు రాలేదని ఏడుస్తూ కూర్చోకుండా దాని సీట్లు కూడా చూడాలి. అందులో ఎస్టీ రిజర్వేషను ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినా పశుసంవర్థక శాఖలో పని ఉంది. మందను ఎరిగినవాడి చేతికి సూది ఇస్తే ఏమవుతుందో అఫార్ వాళ్లు చూపించారు.

చివరగా ఒక పని. పెద్దరోగాన్ని కళ్లతో చూసినవాళ్లు మన తాండాల్లో, గూడేల్లో ఇంకా ఉన్నారు. 1960ల్లో, 70ల్లో మందలు కాసినవాళ్లు ఇప్పుడు డెబ్భై ఎనభై ఏళ్లవాళ్లు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు వాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఆ రోగాన్ని మీ భాషలో, గోర్ బోలీలోనో కుర్రులోనో కోయలోనో, ఏమని పిలిచేవాళ్లు, ఏ ఏడు వచ్చింది, ఎన్ని గొడ్లు పోయాయి, సూదిమందు మొదట ఎవరు తెచ్చారు, అప్పుడు ఊరివాళ్లు మనల్ని ఏమన్నారు. ఫోనులో రికార్డు చేసి, ఊరి పేరుతో సహా మాకు పంపండి. అందరివీ వచ్చాక తాండాల వారీగా కలిపి తర్వాతి పోస్టులో పెడతాం.